సైడ్ మిషన్ ఆడకపోతే కథకు ఏమవుతుంది?

సంపాదకులకు,

నమస్కారం. వీడియో గేముల గురించి మన పత్రికల్లో వచ్చే రాతలు ఎక్కువగా రెండే రకాలు: పిల్లలు ఫోన్లకు అతుక్కుపోతున్నారన్న ఆవేదన ఒకటి, కొత్త గేము విడుదలైందన్న కబురు మరొకటి. ఆ గేము చెప్పే కథ నమ్మేలా ఉందా అన్న విచారణ ఎక్కడా కనిపించదు. కళాశాలలో తెలుగు పాఠాలు చెబుతూ, సెలవు రోజుల్లో మా అబ్బాయితో కలిసి యుద్ధం గేములు ఆడే నాకు ఇది లోటుగానే తోస్తోంది. సైనిక షూటర్లలో, అంటే సైనికుడిగా తుపాకీ పట్టి ఆడే గేముల్లో, సైడ్ మిషన్ల సంగతి, అంటే ఆడినా మానినా ఆట ముందుకు సాగిపోయే మిషన్ల (ఘట్టాల) సంగతి, ఆ లోటుకు మంచి ఉదాహరణ కనుక దాని గురించే రాస్తున్నాను.

‘కాల్ ఆఫ్ డ్యూటీ’ అనే యుద్ధం గేముల వరుసలో 2016లో వచ్చిన ‘ఇన్ఫినిట్ వార్‌ఫేర్’నే తీసుకోండి. శత్రువు మెరుపుదాడిలో భూమి తరఫు నౌకాదళం దాదాపు తుడిచిపెట్టుకుపోతుంది. మిగిలిన కొద్దిపాటి బలంలో ఒక అంతరిక్ష యుద్ధనౌకకు రేయస్ అనే పైలట్ కెప్టెన్ అవుతాడు. ఆలస్యమైతే అంతా అయిపోయినట్టేనని కథ మనల్ని తొందరపెడుతూ ఉంటుంది. తీరా నౌకలోని మ్యాపు ముందు నిలబడితే సైడ్ మిషన్లు కనిపిస్తాయి. వాటిని ఒక్కొక్కటిగా తీరిగ్గా ముగించుకుని వచ్చేదాకా అసలు యుద్ధం మన కోసం ఓపిగ్గా కాచుకుని ఉంటుంది. పైగా నౌకను నడపవలసిన కెప్టెనే తుపాకీ పట్టుకుని శత్రునౌకలో దూరతాడు. (ఆ దూరడం ఆడటానికి మహా సరదాగా ఉంటుంది, కాదనను.) ఇంతా చేస్తే ఆయుధాలకూ విమానానికీ కొన్ని హంగులు సమకూరుతాయి తప్ప, ఆ మిషన్లన్నీ వదిలేసినా కథ ముగింపులో ఏ మార్పూ ఉండదు.

మా అనంతపురం నుంచి విడిపోయిన శ్రీ సత్యసాయి జిల్లాలోని నిమ్మలకుంట తోలుబొమ్మలకు పేరు. ఆ ఆటలో రామాయణ కథ జోరుమీదున్నప్పుడు కేతిగాడు, బంగారక్క తెరమీదికి వచ్చి ఎంతసేపు సరసాలాడినా చూసేవాడికి కథమీద నమ్మకం సడలదు. ఎందుకంటే వాళ్ళ గొడవ యుద్ధంలో భాగమని అక్కడెవరూ చెప్పలేదు. గేము మాత్రం సైడ్ మిషన్ కూడా ఆ యుద్ధంలో భాగమేనని నమ్మబలికి, చివర్లో దాన్ని లెక్కలోంచి తీసేస్తుంది. నా అభ్యంతరమంతా అక్కడే.

ఇదే వరుసలో 2012 నాటి ‘బ్లాక్ ఆప్స్ 2’ ఈ చిక్కును మరింత తెలివిగా విప్పింది. అందులోని స్ట్రైక్ ఫోర్స్ మిషన్లు కూడా ఐచ్ఛికమే. అయితే ఓడిన ప్రతిసారీ మన బలగంలో ఒక దళం తరిగిపోతుంది, కథ ముందుకు నడిచే కొద్దీ ఆడకుండా వదిలేసిన అవకాశాలు చేజారిపోతాయి. అన్నీ గెలిస్తే అమెరికాతో పోటీ పడుతున్న చైనా చివరికి సాయానికి వస్తుంది, లేకపోతే రాదు. నిజానికి ఆ మిషన్లలో తోటి సైనికులు మన ఆదేశాలను సరిగా పాటించరు, ఆడుతుంటే విసుగొస్తుంది. అయినా ఆడకపోవడం కూడా ఒక నిర్ణయమేనని ఆ గేము ఒప్పుకుంది. 2020లో వచ్చిన ‘బ్లాక్ ఆప్స్ కోల్డ్ వార్’ మరో దారి పట్టింది. అక్కడి రెండు సైడ్ మిషన్లకు ఆధారాలను అసలు మిషన్లలోనే వెతికి తెచ్చుకోవాలి. పత్రిక మొదటి పేజీ, రేడియోలో వినిపించే అంకెల వరుస, ఒక రహస్య సందేశం దగ్గర పెట్టుకుని, కాగితం కలంతో కుస్తీపట్టి ఫ్లాపీ డిస్కు తాళం విప్పుతుంటే గూఢచారి పని ఇలాగే ఉంటుందేమో అనిపిస్తుంది.

ఇక 2009 నాటి ‘మోడరన్ వార్‌ఫేర్ 2’లో మాస్కో విమానాశ్రయపు నరమేధం. ఆ మిషన్ చూడలేమనుకునేవారు దాటవేయవచ్చని గేము ముందే చెబుతుంది. దాటవేస్తే శిక్ష ఏమీ ఉండదు. సున్నిత మనస్కులకు ఆ వెసులుబాటు ఉండవలసిందే. కానీ ఉగ్రవాదుల మధ్య మారువేషంలో ఉన్న అమెరికన్ గూఢచారి శవం అక్కడ దొరకడమే రష్యా అమెరికా మీద దండెత్తడానికి కారణం. ఒక్క శవాన్ని చూసి ఒక దేశం అంత యుద్ధానికి దిగుతుందా అన్న ప్రశ్న ఎలాగూ ఉంది. దానికి తోడు, ఆ మిషన్ దాటవేసిన ఆటగాడికి యుద్ధానికి మూలమే కళ్ళపడదు. కథకు ఇరుసులాంటి ఘట్టాన్ని ఐచ్ఛికం చేయడం కంపెనీ విమర్శల నుంచి తనను తాను కాపాడుకునే ఏర్పాటేనని నా అనుమానం.

కొత్త గేము కొనాలంటే వేల రూపాయలు పెట్టాలి. మధ్యతరగతి ఇళ్ళలో అది ఆలోచించి పెట్టే ఖర్చు. సినిమా విడుదలైన రోజే సెకండాఫ్ సాగిందో లేదో రాసే పత్రికలు, ఆదివారం అనుబంధంలో నెలకొక గేముకైనా అలాంటి సమీక్ష రాయించాలనీ, గ్రాఫిక్స్ నాణ్యతతో సరిపెట్టకుండా అందులో కథ నిలబడిందా, సైడ్ మిషన్లు దానికి అతికాయా అన్నది కూడా పరిశీలించాలనీ కోరుతున్నాను.

ఇట్లు,
ఒక తెలుగు అధ్యాపకుడు,
అనంతపురం.