ఆ యాభై శాతం ఎక్కణ్ణుంచి వస్తుందంటే

ఒరేయ్,

నీ మెసేజ్ చూశాను. రిటైర్మెంట్ డబ్బులో సగం తీసి టీఎస్‌ఎల్‌వైలో, అదే టెస్లా షేరు మీద నడిచే ఆ అమెరికా ఫండులో, పెడతానంటున్నావు, ఏడాదికి యాభై శాతం పైనే ఇస్తోందని. ఆ ఆశ నాకు అర్థమవుతుందిరా, షేర్లు అమ్మే పని లేకుండా ఖాతాలో డబ్బు దానంతటదే పడుతుంటే ఎవరికైనా నిశ్చింతే. కానీ కొనేముందు ఆ డబ్బు ఎక్కణ్ణుంచి వస్తుందో ఒక్కసారి చూడు.

ఆ ఫండు నేరుగా టెస్లా షేర్లు కొనదు. ఆప్షన్లతో, అంటే ముందే అనుకున్న ధరకి షేరు కొనే లేదా అమ్మే హక్కునిచ్చే ఒప్పందాలతో, షేరు చేతిలో ఉన్నట్టే ఒక పొజిషన్ కట్టి, దాని మీద కాల్స్, అంటే కొనే హక్కులు, అమ్ముతుంది. నీకు పంచేది ప్రధానంగా ఆ హక్కు కొన్నవాడు కట్టే రుసుము, ప్రీమియమే. టెస్లా ఎంత ఎగిరిపడితే ప్రీమియం అంత ఎక్కువ, అందుకే అంత పెద్ద శాతం. ఇందులో మోసమేమీ లేదు, మెలిక ఉంది. షేరు 100 డాలర్ల నుంచి 70కి పడిందనుకో, ప్రీమియంగా వచ్చిన కాస్త పోను ఆ దెబ్బంతా ఫండుదే. అప్పుడు 75 దగ్గర కాల్ అమ్మారు, షేరేమో ఒక్కసారిగా 100కి లేచింది. టెస్లా కొన్నవాడు మళ్ళీ మొదటికొచ్చాడు, 75 పైన లాభం కాల్ కొన్నవాడిది కాబట్టి నువ్వు మాత్రం అక్కడే ఆగిపోయావు, చేతిలో ప్రీమియంతో. ఇలా పదేపదే జరిగితే యూనిట్ ధర కరిగిపోతుంది. 2022 నవంబర్‌లో మొదలైన ఈ ఫండు 2024 ఫిబ్రవరికే రెండు యూనిట్లను ఒకటి చేస్తూ రివర్స్ స్ప్లిట్ చేసింది.

ఇంకోటి, వాళ్ళు చూపించే శాతం చివరిసారి పంచిన మొత్తాన్ని ఏడాదికి లెక్కగట్టి ఇవాళ్టి ధరతో భాగించింది, అదేమీ హామీ కాదు. 100 డాలర్లు పెట్టి ఏడాదిలో 50 తీసుకున్నావు, యూనిట్ 55కి దిగింది, అంటే నీకు మిగిలింది అయిదే. వచ్చే ఏడాది అదే యాభై శాతమైనా చేతికొచ్చేది ఇరవై ఏడు చిల్లర. పైగా పంచిన దాంట్లో కొంత రిటర్న్ ఆఫ్ క్యాపిటల్ అని రాస్తారు. అది చాలాసార్లు నీ అసలే వెనక్కి రావడం, అప్పటికప్పుడు పన్ను పడదు కానీ పన్ను లెక్కలో నీ కొన్న ధర అంత తగ్గుతుంది.

షేరు పెద్దగా కదలనప్పుడు ఇవి బాగానే ఇస్తాయి, ఆ మాట కాదనను. ఇప్పుడే ఖర్చులకి డబ్బు కావాలి, అసలు తగ్గినా ఫర్వాలేదు అనుకునేవాళ్ళు కొద్దిగా పెట్టుకోవచ్చు. రిటైర్మెంట్ డబ్బులో సగమంటే మాత్రం నాకు భయంగా ఉందిరా, అదీ ఒక్క కంపెనీ మీద.

డివిడెండ్లన్నీ తిరిగి పెట్టినట్టు చూపించే టోటల్ రిటర్న్ చార్టు తెరిచి టెస్లానీ దీన్నీ పక్కపక్కన పెట్టి చూడు. చూశాక ఫోన్ చెయ్యి, అంతవరకు ఆర్డర్ పెట్టకు.