ఆటిజం ఉన్న పెద్దవాళ్ల గురించి కూడా రాయండి

సంపాదకులకు నమస్కారం.

ఏప్రిల్ 2న ప్రపంచ ఆటిజం అవగాహన దినం సందర్భంగా మీరు ప్రచురించిన ప్రత్యేక పేజీని శ్రద్ధగా చదివాను. మాటలు ఆలస్యమైన పిల్లలను తల్లిదండ్రులు ఎలా గమనించాలో, థెరపీ తొందరగా మొదలుపెట్టమని వైద్యులు ఎందుకు చెబుతారో అందులో వివరంగా ఉంది. అటువంటి సమాచారం ఇంకా రావాలి. అయితే ఆ పేజీ మొత్తంలో ఆటిజం, అంటే నలుగురితో కలవడంలో, మాట్లాడటంలో చిన్నప్పటి నుంచీ ఉండే తేడా, పసిపిల్లలకు మాత్రమే సంబంధించిన విషయంగా కనిపించింది. ఆ పిల్లలు పెరిగి పెద్దవాళ్లవుతారు. 1970లలో, 80లలో పుట్టి, ఆటిజం అన్న మాట చెవిన పడకుండానే చదువులు ముగించి, ఉద్యోగాల్లో చేరి, కాపురాలు చేసుకుంటూ, తమలో ఏదో తేడా ఉందని మాత్రం చిన్ననాటి నుంచీ తెలిసినవాళ్లు మన మధ్య ఉన్నారు. వాళ్లలో నేనొకదాన్ని. నాకు ఆటిజం ఉందని నిర్ధారణ అయ్యేనాటికి నా వయసు 44.

నేను పెరిగింది గోదావరి తీరాన ఒక చిన్న పట్టణంలో. మాటలు నాకు ఆలస్యంగా రాలేదు. పైగా పెద్దవాళ్లలా పుస్తకాల భాషలో మాట్లాడేదాన్నట. హైస్కూలుకు వచ్చేసరికి గంటల పంచాంగం నాకు ప్రాణమైంది. ఆ ఏటి తిథులు, నక్షత్రాలు, వర్జ్యాలు, దుర్ముహూర్తాలు ఏ తేదీకి అడిగితే ఆ తేదీకి అప్పజెప్పేదాన్ని. ఇంటికి చుట్టాలొస్తే మా నాన్నగారు ముచ్చటపడి నన్ను పిలిచి అడిగేవారు. ముహూర్తాల మీద నాకు ప్రత్యేకమైన నమ్మకమేమీ లేదు. ఆ అంకెలు క్రమం తప్పకుండా ఒకదాని వెంట ఒకటి నడిచే తీరు నా మనసుకు గొప్ప నెమ్మదినిచ్చేది. ఒకే విషయం మీద అంత గాఢమైన ఆసక్తి ఉండటం ఆటిజం లక్షణాల్లో ఒకటని ఆనాడు మా ఇంట్లో ఎవరికి తెలుస్తుంది? తెలివైన పిల్ల అనుకున్నారు, మురిసిపోయారు.

మురిపెం కలిగించని లక్షణాలకు మాత్రం వేరే పేర్లు వచ్చాయి. పెళ్లిళ్లలో మైకు మోతకు, బాజాలకు తట్టుకోలేక విడిదింట్లో సామాన్ల గదిలోకి వెళ్లి తలుపు వేసుకుంటే మొండిదన్నారు. పేరంటాలలో ముత్తైదువలు కాళ్లకు పసుపు రాయబోతే ఆ తడి, ఆ గరుకు భరించలేక కాళ్లు వెనక్కి లాక్కునేదాన్ని. పెద్దల పట్ల మర్యాద లేదన్నారు. పలకరిస్తే తల పక్కకు తిప్పి జవాబిస్తుంది కనుక పొగరన్నారు. బడిలో ఇంటర్వెల్ సమయంలో ఎవరి దగ్గర నిలబడాలో, ఏం మాట్లాడాలో తెలియక బోరింగు పంపు చుట్టూ తిరుగుతూ గడిపేదాన్ని. మాస్టార్లెవరూ దానిని పట్టించుకోలేదు, ఎందుకంటే మార్కులు బాగా వచ్చేవి. మన బళ్లలో గొడవ చేయకుండా కూర్చుని మార్కులు తెచ్చుకునే ఆడపిల్లకు సమస్య ఉండవచ్చునని ఎవరికీ తోచదు. ఈ నాటికీ తోచడం లేదన్నదే నా ఆవేదన.

ఆడపిల్ల కనుక సర్దుకోవడం తప్పనిసరి అయింది. మా పెద్దమ్మగారి అమ్మాయి చాలా కలుపుగోలు మనిషి. ఆమె చుట్టాలతో ఏం మాట్లాడుతుందో, ఎక్కడ నవ్వుతుందో, ఎప్పుడు తల ఊపుతుందో పాఠం చదివినట్టు గమనించి, "ఎప్పుడొచ్చారు, ప్రయాణం బాగా జరిగిందా, పిల్లలేం చదువుతున్నారు" అనే వరసను కంఠస్థం చేశాను. ఎదుటివారి కళ్లలోకి చూడలేక, నుదుటి బొట్టు మీద చూపు నిలపడం నేర్చుకున్నాను. దీనిని మాస్కింగ్ అంటారని, ఆటిజం ఉన్న స్త్రీలలో ఇది ఎక్కువగా కనిపిస్తుందని, అందుకే వాళ్లలో చాలామంది నిర్ధారణకు అందకుండా పోతారని నాకు తెలిసింది ఎన్నో ఏళ్ల తర్వాత. పదిమందిలో రెండు గంటలు అలా గడిపి ఇంటికొస్తే, చీకటి గదిలో మాటా పలుకూ లేకుండా పడుకుంటే తప్ప మామూలు మనిషిని కాలేకపోయేదాన్ని. దానికి రక్తహీనత అన్నారు, నరాల బలహీనత అన్నారు, టానిక్కులు తాగించారు. పెళ్లి, ఉద్యోగం, బిడ్డ పెంపకం ఒకదాని మీద ఒకటి వచ్చి పడ్డాక, ముప్పై దాటిన వయసులో, ఒక దశలో ఆఫీసులో ఫోను మోగితే ఎత్తడానికి కూడా చేయి రాలేదు. ఆందోళన, డిప్రెషన్ అని మందులిచ్చారు. మందులతో నిద్ర పట్టింది. అలసట మాత్రం తీరలేదు, ఎందుకంటే అలసటకు కారణమైన నటన రోజూ సాగుతూనే ఉంది.

ఇందులో మా అమ్మానాన్నల దోషం లేదు; నా చిన్ననాటి వైద్యుల దోషం కూడా లేదనే అనుకుంటాను. 1943లో అమెరికాలో మానసిక వైద్యుడు లియో కానర్ 11 మంది పిల్లలను వర్ణిస్తూ రాసిన వ్యాసంతో ఆటిజం వైద్యుల దృష్టికి వచ్చింది. మరుసటి ఏడు వియన్నాలో పిల్లల వైద్యుడు హాన్స్ ఆస్పెర్గర్ ధారాళంగా మాట్లాడే, చదువు వచ్చే పిల్లల్లో ఇటువంటి లక్షణాలనే వర్ణించినా, 1981లో లండన్‌లో మానసిక వైద్యురాలు లోర్నా వింగ్ దానిమీద వ్యాసం రాసేదాకా ఇంగ్లీషులో చదువుకునే వైద్యులకు అది పెద్దగా తెలియలేదు. అంతకన్నా ముందే, 1920లలో, మాస్కోలో గ్రున్యా సుఖరేవా అనే వైద్యురాలు మగపిల్లల్లోనూ ఆడపిల్లల్లోనూ ఈ లక్షణాలను విడివిడిగా నమోదు చేసింది. ఆమె పనిని ప్రపంచం దశాబ్దాలపాటు పట్టించుకోలేదు. మాటలు, తెలివి బాగానే ఉన్నవారికి కూడా వర్తించేలా అమెరికా సైకియాట్రీ వర్గీకరణలో ఆస్పెర్గర్ పేరు చేరింది 1994లో. అప్పటికి నేను హైస్కూలు దాటేశాను. 2013లో ఇవన్నీ కలిపి ఆటిజం స్పెక్ట్రమ్ అన్నారు. ఆ నిర్వచనంలోనే, లక్షణాలు చిన్నప్పటి నుంచీ ఉన్నా, నేర్చుకున్న అలవాట్ల చాటున పెద్దయ్యాక కనబడకపోవచ్చునని స్పష్టంగా రాశారు. శబ్దాలు, స్పర్శలు, వెలుతురు భరించలేకపోవడాన్ని లక్షణాల జాబితాలో చేర్చినదీ అప్పుడే. పసుపు రాయించుకోలేని పిల్ల సంగతి వైద్యగ్రంథానికి ఎక్కడానికి అంత కాలం పట్టింది.

నా విషయం బయటపడింది మా చెల్లెలి కొడుకు వల్ల. బాబుకు నాలుగో ఏట పరీక్షలు చేయిస్తున్నప్పుడు తోడుగా వెళ్లాను. డాక్టరుగారి ప్రశ్నలకు మా చెల్లెలు చెబుతున్న జవాబుల్లో సగానికి పైగా, అమ్మ నా బాల్యం గురించి చెప్పుకునే ముచ్చట్లే. బిడ్డకు నిర్ధారణ అయ్యాక తల్లో తండ్రో మేనమామో తమను తాము గుర్తుపట్టడం చాలా దేశాల్లో జరుగుతున్నదే. ఆటిజంలో వంశపారంపర్యం పాలు ఎక్కువని 1977లో బ్రిటన్‌లో ఫోల్‌స్టీన్, రట్టర్ కవలల మీద చేసిన అధ్యయనం నాటి నుంచీ తెలుసు.

నేను మొదట కలిసిన మానసిక వైద్యుడు నా మాట పూర్తిగా వినలేదు. "ఉద్యోగం చేస్తున్నారు, కాపురం చేసుకుంటున్నారు, ఇంత చక్కగా మాట్లాడుతున్నారు, మీకు ఆటిజం ఏమిటమ్మా" అన్నారు. ఆయన నన్ను నొప్పించాలని అనలేదని నాకు తెలుసు. కానీ నేను చక్కగా మాట్లాడటానికి లోపల ఎంత శ్రమ పడుతున్నానో చెప్పుకోవడానికే ఆయన దగ్గరకు వెళ్లాను. ఆ తర్వాత హైదరాబాదులో ఒక క్లినికల్ సైకాలజిస్టు ఓపికగా చాలాసార్లు కూర్చోబెట్టి మాట్లాడి, పరీక్షలు చేసి, మా అమ్మను పిలిపించి నా బాల్యం గురించి అడిగి, అప్పుడు నిర్ధారించారు. పెద్దవాళ్ల విషయంలో ఇదొక చిక్కు: బాల్యంలో లక్షణాలున్నాయని చెప్పగలిగిన మనిషి ఉండాలి. అమ్మానాన్నలు గతించినవారు, పుట్టింటితో రాకపోకలు తెగినవారు ఎవరిని తీసుకువెళ్లాలి?

డెబ్బై దాటిన మా అమ్మ ఫలితం విని అడిగిన మొదటి ప్రశ్న, "నా పెంపకంలో ఏం లోపం జరిగింది తల్లీ" అని. నాకు కన్నీళ్లు ఆగలేదు. తల్లిదండ్రులలో ఆప్యాయత కొరవడినందువల్ల ఆటిజం వస్తుందని ఇరవయ్యో శతాబ్దం మధ్యలో కానర్ రాతలు సూచించాయి, మనస్తత్వ నిపుణుడిగా పేరుపొందిన బ్రూనో బెటెల్‌హైమ్ గట్టిగా ప్రచారం చేశాడు. అది తప్పని ఎప్పుడో తేలిపోయింది. అయినా మన ఇళ్లలో బిడ్డ ఏ తీరున భిన్నంగా ఉన్నా వేలు తల్లి వైపే చూపిస్తారు. అమ్మకు ఇదంతా వివరించాక, కాసేపటికి ఆమె మా తాతగారి గురించి చెప్పడం మొదలుపెట్టింది. రోజూ ఒకే వేళకు ఒకే దారిలో నడిచి, ఒకే కంచంలో తిని, పెళ్లిళ్లకు తాళి కట్టే వేళకు వెళ్లి భోజనానికి ఆగకుండా వచ్చేసే మనిషి ఆయన.

నిర్ధారణతో నాకేం ఒరిగిందని బంధువులు అడుగుతుంటారు. మందులేమీ లేవు, మాయమయ్యేది కాదు, ఈ వయసులో ఎందుకంటారు. ఒరిగింది చాలా ఉంది. ఇప్పుడు పెళ్లిళ్లకు చెవుల్లో ఇయర్‌ప్లగ్గులు పెట్టుకుని వెళ్తాను. జరీ అంచు చీరలు మానేసి మెత్తటి నూలు చీరలు కడతాను. ఆఫీసులో నాకు చెప్పదలచిన పని కాగితం మీద రాసి ఇవ్వమని అడుగుతాను. అలా ఇచ్చినప్పటి నుంచీ నా పని గురించి మాట పడవలసిన అవసరం రాలేదు. సాయంత్రం నేను మౌనంగా ఉంటే అది కోపం కాదని, అలసటని మా వారికి అర్థమైంది. ఇన్నేళ్లూ ఆయన దానిని తన మీద అలకగా భావించి లోలోపల బాధపడ్డారట. వీటన్నిటికన్నా ముఖ్యంగా, బోరింగు పంపు చుట్టూ తిరిగిన ఆ పిల్లకు పొగరు లేదని నాకు నమ్మకం కుదిరింది. ఆ పిల్లకు ఆనాడే ఎవరైనా ఈ మాట చెప్పి ఉంటే ఎంత బాగుండేదని దుఃఖం కూడా కలుగుతుంది. ఆ దుఃఖాన్ని దాచుకోవలసిన అవసరం నాకు కనబడటం లేదు.

ఆటిజం ఉన్నవారికి ఇతరుల మనసు తెలియదని తరచు అంటారు. 2012లో డేమియన్ మిల్టన్ అనే ఆటిస్టిక్ పరిశోధకుడు దీనిని మరో వైపు నుంచి చూడమన్నాడు: ఆటిజం ఉన్నవారికి ఇతరులు అర్థం కాకపోవడం ఎంత నిజమో, ఇతరులకు వాళ్లు అర్థం కాకపోవడమూ అంతే నిజం. మా దంపతుల అనుభవం సరిగ్గా అదే.

ఇక వ్యవస్థ సంగతి. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద జరిగే పరీక్షల్లో ఆటిజం ఉంది. అవి పుట్టుక నుంచి 18 ఏళ్ల దాకా మాత్రమే. హైదరాబాదుతో కలిపి దేశంలో అయిదు ప్రాంతాల్లో జరిపి 2018లో ప్రచురించిన పెద్ద అధ్యయనం లెక్కించింది 2 నుంచి 9 ఏళ్ల పిల్లలను. ఇంగ్లండులో 2007లో ఇంటింటి సర్వే చేసి పెద్దవారిలో సుమారు నూటికి ఒకరికి ఆటిజం ఉందని తేల్చారు. 2009లో ఆటిజం ఉన్న పెద్దవారి కోసం ప్రత్యేక చట్టమే తెచ్చారు. మన దగ్గర 1995 నాటి వికలాంగుల చట్టంలోని ఏడు వైకల్యాల్లో ఆటిజం లేదు. 2016 చట్టం 21 వైకల్యాల్లో దానిని చేర్చింది, ప్రభుత్వోద్యోగాల్లో 4 శాతం రిజర్వేషన్‌లో వాటా కల్పించింది. అంతవరకు సంతోషమే. కానీ వైకల్య ధ్రువీకరణకు వాడే కొలమానం, సికింద్రాబాదులోని జాతీయ మానసిక వికలాంగుల సంస్థ రూపొందించిన ఐఎస్ఏఏ (ఇండియన్ స్కేల్ ఫర్ అసెస్‌మెంట్ ఆఫ్ ఆటిజం), 40 అంశాలకు ఒక్కొక్కదానికి 1 నుంచి 5 మార్కులు వేసి, మొత్తం 70కి లోపుంటే ఆటిజం లేదంటుంది. చూపు కలుపుతున్నారా, ఒంటరిగా ఉంటున్నారా అని బయటికి కనిపించే ప్రవర్తనను బట్టే ఆ మార్కులు పడతాయి. నలభై ఏళ్లు బొట్టు మీద చూపు నిలిపి నెట్టుకొచ్చిన మనిషికి సదరం శిబిరంలో ఎన్ని మార్కులు వేస్తారు?

మాటలు రాని, క్షణం విడిచిపెట్టలేని బిడ్డలున్న తల్లిదండ్రులు ఈ ఉత్తరం చదివి నొచ్చుకోవచ్చు. వాళ్ల కష్టం నా కష్టం కన్నా ఎన్నో రెట్లు పెద్దది. పింఛనులో గానీ, థెరపీ కేంద్రాల్లో గానీ వాళ్లకు అందవలసిన దానిలో వాటా అడగడం నా ఉద్దేశం కాదు. వాళ్ల పిల్లలు కూడా రేపు పెద్దవాళ్లవుతారు. పెద్దవాళ్ల ఆటిజం తెలిసిన వైద్యులు అప్పుడు వాళ్లకూ కావాలి. అలాగే నాలుగు రీల్స్ చూసి తమకు ఆటిజం ఉందని తీర్మానించుకోవడాన్ని నేను సమర్థించను. పరీక్ష చేసేవారు అందుబాటులో లేనందువల్లే చాలామంది అక్కడితో ఆగిపోతున్నారని మాత్రం చెప్పగలను. దీనిని చిన్న విషయంగా తీసుకోవద్దు. బ్రిటన్‌లో పెద్దయ్యాక నిర్ధారణ పొందిన 374 మందిని అడిగితే, 66 శాతం మంది తమకు ఆత్మహత్య ఆలోచనలు వచ్చాయని చెప్పినట్టు 2014లో ప్రచురితమైంది. అటువంటి స్థితిలో ఉన్నవారు ఎవరైనా 14416 నంబరుకు ఫోన్ చేసి ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలీ మానస్‌లో తెలుగులోనే మాట్లాడవచ్చునని మీ పత్రిక ద్వారా తెలియజేయగోరుతున్నాను.

రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ వైద్య కళాశాలలకు అనుబంధంగా ఉన్న ఆసుపత్రుల్లో సైకియాట్రీ విభాగాలున్నాయి. వారంలో ఒక పూట అక్కడ పెద్దవారికి ఆటిజం పరీక్షలు జరిపితే, జిల్లాల్లోని మనుషులు హైదరాబాదు దాకా వచ్చి ప్రైవేటులో వేలకు వేలు పెట్టుకోవలసిన అవసరం తప్పుతుంది. ఈ పరీక్షలు ఇప్పుడు ఏ ఏ ప్రభుత్వాసుపత్రుల్లో జరుగుతున్నాయో, 18 దాటినవారిని ఎక్కడెక్కడ వెనక్కి పంపుతున్నారో మీ విలేకరుల చేత జిల్లాలవారీగా విచారింపజేసి, వచ్చే ఏప్రిల్ దాకా ఆగకుండా ప్రచురించవలసిందిగా కోరుతున్నాను.

భవదీయురాలు,
ఒక పాఠకురాలు,
రాజమహేంద్రవరం

(కుటుంబ సభ్యుల కోరిక మేరకు పేరు ప్రచురించవద్దని మనవి.)