మన దుకాణం తలుపు మీది రెండు బోర్డుల గురించి

గౌరవనీయులైన కస్టమర్లకు నమస్కారం. ఈ మధ్య మన దుకాణానికి వచ్చినవారు ముందు తలుపు అద్దం మీద, పక్కనున్న పికప్ తలుపు మీద ఇంగ్లీషులోనూ స్పానిష్‌లోనూ పెద్ద అక్షరాలతో ఉన్న రెండు బోర్డులను గమనించే ఉంటారు. ఒకటి టెక్సాస్ శిక్షాస్మృతిలోని 30.05 సెక్షన్ కింద పెట్టినది, రెండవది 30.07 కింద పెట్టినది. లైసెన్సు లేకుండా తుపాకి వెంట తెచ్చుకున్నవారు లోపలికి రాకూడదని మొదటి బోర్డు చెబుతుంది. లైసెన్సు ఉన్నవారైనా సరే, పిస్తోలును బయటికి కనిపించేలా పెట్టుకొని రాకూడదని రెండవది చెబుతుంది. లైసెన్సు ఉండి, బట్టల కింద కనపడకుండా పెట్టుకొన్నవారిని కూడా ఆపే 30.06 బోర్డును మేము పెట్టలేదు. పెట్టినవాటికి కొందరు నొచ్చుకున్నారు, పెట్టనిదానికి మరికొందరు నొచ్చుకున్నారు. డాలస్ శివార్లలో ఈ కిరాణా, టిఫిన్ల దుకాణం మీ అందరి ఆదరణతోనే నిలబడింది కాబట్టి, ఈ నిర్ణయం ఎందుకు తీసుకున్నామో దాపరికం లేకుండా మీకు చెప్పాలి.

ఎన్నో ఏళ్లుగా మా దగ్గర సరుకులు తీసుకెళ్లే ఒక పెద్దాయన, అమెరికా రాజ్యాంగం రెండవ సవరణ ఇచ్చిన తుపాకి హక్కును ఒక కిరాణా దుకాణంవాళ్లు ఎలా కాదంటారని నిలదీశారు. ఆయన మీద గౌరవంతోనే నా సమాధానం ఇక్కడ రాస్తున్నాను. 1791లో వచ్చిన ఆ సవరణ ప్రభుత్వం చేతులు కడుతుంది. సొంత స్థలంలోకి ఎవరిని, ఏ షరతు మీద రానివ్వాలో నిర్ణయించుకొనే ప్రైవేటు యజమాని చేతులు కట్టదు. తుపాకి హక్కుల విషయంలో దేశంలోనే ఉదారమైనదిగా పేరున్న టెక్సాస్ కూడా ఈ తేడాను జాగ్రత్తగా కాపాడుకొంటూ వచ్చింది. 1996 నుంచి లైసెన్సు ఉన్నవారు తుపాకిని దాచి పెట్టుకొని తిరగవచ్చు, 2016 నుంచి కనిపించేలా కూడా పెట్టుకోవచ్చు, 2021 సెప్టెంబరు 1 నుంచి 21 ఏళ్లు నిండి చట్టరీత్యా అనర్హత లేనివారికి లైసెన్సే అక్కరలేదు. ఇలా సడలించినప్పుడు కూడా, వద్దని చెప్పే హక్కును శాసనసభ యజమానులకే ఉంచింది.

అయితే ఆ వద్దనడం ఎలాగో కూడా చట్టమే నిర్దేశించింది. మాటలు 30.07 బోర్డులో చట్టంలో ఉన్నట్టే, 30.05 బోర్డులో కనీసం దాదాపు అలాగే ఉండాలి, రెండు భాషల్లో ఉండాలి, అక్షరం కనీసం ఒక అంగుళం ఎత్తుండాలి, వెనుక రంగుకు విరుద్ధమైన రంగులో స్పష్టంగా కనపడాలి, ప్రతి ప్రవేశద్వారం దగ్గరా ఉండాలి. ఈ లెక్కన రెండు బోర్డులు పెట్టేసరికి తలుపు అద్దంలో సగానికి పైగా నిండిపోయింది. ఉగాది వేడుకల పోస్టర్లు, గుడిలో అన్నదానం ప్రకటనలు, రూమ్‌మేట్ కావాలనే చీటీలు ఇప్పుడు బియ్యం బస్తాల పక్కనున్న గోడ మీదికి మార్చాము. దయచేసి అక్కడ చూడండి.

మౌనం అర్ధాంగీకారమంటారు, టెక్సాస్‌లో దుకాణదారు మౌనం పూర్తి అంగీకారం కిందే లెక్క. బోర్డు లేదంటే తుపాకితో రావచ్చనే అర్థం. హవాయి రాష్ట్రం 2023లో దీన్ని తిరగేసి, యజమాని స్పష్టంగా సరేనంటే తప్ప తేకూడదని చట్టం చేసింది. దాని మీద వ్యాజ్యం అమెరికా సుప్రీంకోర్టు వరకు వెళ్లింది. యజమాని నోరు తెరిచి వద్దంటే ఆ మాట చెల్లుతుందని ఇరుపక్షాలూ ఒప్పుకొంటాయి, తగవంతా యజమాని ఏమీ చెప్పనప్పటి గురించే. నా మటుకు నేను చెప్పడమే మేలనుకున్నాను, ఎందుకంటే నేను చెప్పకపోతే ఆ భారం కౌంటర్ దగ్గర నిలబడే మా సిబ్బంది మీద పడుతుంది.

ఒక శనివారం మధ్యాహ్నం టిఫిన్ బల్లలన్నీ నిండి ఉన్నాయి. మర్యాదస్తుడైన ఒక కస్టమర్ కూర్చోవడానికి ఇబ్బందిగా ఉండి, నడుముకున్న పిస్తోలును ఒరతో సహా తీసి పెసరట్టు ప్లేటు పక్కన బల్ల మీద పెట్టారు. తినడం అయ్యాక దాన్ని అక్కడే వదిలి చేతులు కడుక్కోవడానికి వెళ్లారు. పక్క బల్ల దగ్గర ఇద్దరు పిల్లలు జిలేబీల కోసం ఎదురుచూస్తున్నారు. ప్లేట్లు తీసే మా సిబ్బందిలోని అమ్మాయి హెచ్4 వీసా మీద, పని అనుమతితో మా దగ్గర ఉద్యోగం చేస్తున్నది. వేట లైసెన్సు వంటి కొన్ని మినహాయింపులు తప్పిస్తే, నాన్-ఇమిగ్రెంట్ వీసా (తాత్కాలికంగా ఉండటానికి ఇచ్చే వీసా) మీదున్నవారు తుపాకిని గానీ తూటాను గానీ తమ దగ్గర ఉంచుకోవడం ఫెడరల్ చట్టం ప్రకారం నేరం. అది తెలిసిన ఆ అమ్మాయి, పిస్తోలు ముట్టుకోలేక, పిల్లలను వదిలి కదలలేక, ఆయన తిరిగివచ్చేదాకా బల్లకూ పిల్లలకూ మధ్య అడ్డంగా నిలబడింది. ఆయన వచ్చి, క్షమించమని చెప్పి, తీసుకొని వెళ్లిపోయారు. ఆయనకు ఎలాంటి చెడు ఉద్దేశమూ లేదని నాకు తెలుసు. కానీ మన కస్టమర్లలో, సిబ్బందిలో హెచ్1బి, హెచ్4, ఎఫ్1 వంటి అలాంటి వీసాల మీదున్నవారు ఎందరో మీకు చెప్పనక్కరలేదు. ఒకరికి హక్కుగా ఉన్న వస్తువును ఇంకొకరు ముట్టుకోవడమే ముప్పు అయినప్పుడు, ఆ ఇద్దరూ ఒకే బల్ల దగ్గరికి వచ్చే చోట నియమం పెట్టవలసినది యజమానే.

బోర్డు హంతకుణ్ణి ఆపుతుందా అని అడిగినవారికి, ఆపదనే చెబుతాను. 2023 మే 6న మనకు దగ్గరలోనే ఉన్న ఆలెన్ అవుట్‌లెట్ మాల్‌లో ఎనిమిది మందిని ఒక దుండగుడు కాల్చి చంపాడు; వారిలో మన తెలుగు అమ్మాయి ఒకరు. ఆ వార్త విన్న రోజు మన దుకాణంలో ఎవరూ గట్టిగా మాట్లాడలేదు. అలాంటివాడు తలుపు మీది అక్షరాలు చదివి వెనక్కి వెళతాడని నేను ఎన్నడూ అనను. బోర్డు పని చేసేది చట్టాన్ని గౌరవించే మనిషి విషయంలో. చూసి కూడా లోపలికి వస్తే 200 డాలర్ల వరకు జరిమానా పడే చిన్న నేరం. నేరుగా చెప్పినా వెళ్లకపోతే అది అంతకంటే పెద్దదైన క్లాస్ ఎ నేరమవుతుంది. అంటే మా సిబ్బంది వాదనకు దిగకుండా, ఒకే మాట చెప్పి, అవసరమైతే పోలీసులను పిలవవచ్చు. దొంగల భయానికి వేరే ఏర్పాట్లు చేశాము: కౌంటర్‌లో తక్కువ నగదు ఉంచుతున్నాము, రాత్రి మూసేటప్పుడు ఒక్కరినే వదలడం లేదు.

ఇక 30.06 ఎందుకు పెట్టలేదని బాధపడిన తల్లిదండ్రులకు ఒక మాట. మన కస్టమర్లలో గ్యాస్ స్టేషన్లు నడిపేవారున్నారు. రాత్రి కట్టేసి, రోజంతా వచ్చిన నగదుతో ఇంటికి వెళ్తూ మన దగ్గర కూరలు తీసుకుపోతారు. పూర్తిగా వద్దంటే వారు పిస్తోలును కారులో వదిలి రావాలి. కార్ల అద్దాలు పగలగొట్టి దొంగిలించే తుపాకులు ఎక్కడికి చేరతాయో ఆలోచిస్తే నాకు అది మరింత ప్రమాదంగా తోచింది. పైగా లైసెన్సు తీసుకొన్నవారు క్లాసులో కూర్చొని, రాతపరీక్ష రాసి, 50 గుండ్లు కాల్చి చూపి, రాష్ట్రం జరిపే నేపథ్య తనిఖీలో నెగ్గినవారు. ఎవరికీ కనపడకుండా, బల్ల మీదికి రాకుండా ఉన్నంతవరకు వారిని నమ్మాలనుకున్నాను. ఈ నమ్మకంతో ఏకీభవించని అమ్మానాన్నల ఆందోళనను నేను తేలిగ్గా తీసుకోను. వారు పిల్లలతో కూర్చొనే బదులు పార్సిల్ తీసుకెళ్తామంటే అర్థం చేసుకొంటాను.

ఈ బోర్డుల వల్ల కొందరు రావడం మానేశారు. నెలవారీ సరుకులకు వచ్చే కొన్ని కుటుంబాలు వేరే దుకాణానికి మారాయి. అది మాకు చిన్న నష్టం కాదు, అయినా బోర్డులు తీయము.

పార్కింగ్ లాట్ మన లీజులో లేదు, స్ట్రిప్ మాల్ యజమానిది. కాబట్టి మా నియమం మా తలుపుల లోపలికే వర్తిస్తుంది. పోలీసు అధికారులకు, డ్యూటీలో లేకపోయినా, ఇది వర్తించదు. నడుముకు పిస్తోలు కనిపించేలా ఉండి లోపలికి రాలేనివారు బయటి నుంచి ఫోన్ చేస్తే, సరుకులైనా వేడి టిఫిన్ అయినా కారు దగ్గరికే తెచ్చి ఇస్తాము, అదనపు చార్జీ ఉండదు. దీని మీద నాతో మాట్లాడదలచినవారు వారం మధ్యలో మధ్యాహ్నం మూడు, ఐదు గంటల మధ్య రండి. ఆ వేళ రద్దీ తక్కువ, నేను కౌంటర్ వెనుకే ఉంటాను.