జమా ఖర్చుల వివరణ: మడ అడవి, తుఫాను నిధి (2023–24)

గ్రామ ప్రజలకు, పడవల యజమానులకు, డ్వాక్రా సంఘాల అక్కచెల్లెళ్లకు, బయట ఊళ్లలో ఉండి సాయం పంపిన మన పిల్లలకు కమిటీ తరఫున నమస్కారం.

2023 ఏప్రిల్ 1 నుంచి 2024 మార్చి 31 వరకు మడ అడవి (తీరంలో ఉప్పునీటి బురదలో పెరిగే చెట్లు) పెంపకానికి, తుఫాను జాగ్రత్తలకు ఎంత వసూలైంది, ఎంత ఖర్చయింది, ఎంత మిగిలింది అన్న లెక్క ఇది. రాసింది కోశాధికారిగా నేను. మిగతా ఆరుగురు సభ్యులు చదివి సంతకాలు చేశారు. అంకెలు మాత్రం రాసి గోడకు అంటించినా సరిపోయేది. కానీ ఈసారి ఊళ్లో ఒక మాట గట్టిగా వినపడింది: "తుఫాను నిధి అని వసూలు చేసి బురదలో కాలువలు తవ్వించడమేంటి?" అడగడం న్యాయమే. ఇచ్చినవాళ్లకు అడిగే హక్కుంది. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

ముందు జమ.

గత ఏడాది నిల్వ: రూ. 18,640
ఇంటింటి చందా, 186 ఇళ్లు: రూ. 22,350
పడవల చందా, 34 పడవలు, ఒక్కోదానికి 500: రూ. 17,000
డ్వాక్రా సంఘాలు 6, ఒక్కోటి 2,000: రూ. 12,000
బయట ఊళ్ల నుంచి మన పిల్లలు పంపినది: రూ. 46,500
బడి పిల్లల హుండీ: రూ. 1,865
కాలువ పనిలో కూలి తీసుకుని తిరిగి ఇచ్చినది, 5 పనిదినాలు: రూ. 2,250
బ్యాంకు వడ్డీ: రూ. 412
మొత్తం జమ: రూ. 1,21,017

ఇంటింటి చందా ఇంత అని మేం పెట్టలేదు. వెయ్యి ఇచ్చిన ఇల్లూ ఉంది, ఇరవై ఇచ్చిన ఇల్లూ ఉంది, రసీదు ఇద్దరికీ ఒకటే. కరకట్ట వైపు చివరింట్లో ఉండే మామ్మ దగ్గరికి మేం అసలు వెళ్లకూడదనుకున్నాం, పింఛను మీద బతుకుతోంది కదా అని. ఆమే రసీదు పుస్తకం పట్టుకున్న కుర్రాణ్ణి కేకేసి పిలిచింది. కొంగు ముడి విప్పి నాలుగు మడతలు పెట్టిన యాభై నోటు తీసింది. 1977 నవంబరు 19 ఉప్పెనలో తాటిచెట్టు పట్టుకుని తెల్లారేదాకా వేలాడిన మనిషి ఆవిడ. "మడ ఉన్న వైపు నీళ్లు నెమ్మదిగా వచ్చాయిరా, మా వైపు గోడలా వచ్చి పడ్డాయి" అంది. ఆ రాత్రి దివిసీమలో పోయిన ప్రాణాలు పది వేల దాకా ఉంటాయంటారు. ఆ యాభైకి ఇచ్చిన రసీదు నంబరు 117.

ఇక ఖర్చు. పెద్ద ప్రశ్న కాలువల మీదే కాబట్టి దానితోనే మొదలుపెడతాను.

కాలువల తవ్వకానికి కూలి 62 పనిదినాలు, రోజుకు 450 చొప్పున రూ. 27,900. ఆడవాళ్లకూ మగవాళ్లకూ ఒకటే కూలి ఇచ్చాం. గడ్డపారలు, పారలు, తాళ్లకు రూ. 3,150. రెండూ కలిపి రూ. 31,050.

పని జరిగింది ఏరుపాయ పక్కనున్న చవుడు నేలలో, అటవీ శాఖ వారు చూపించి అనుమతి ఇచ్చిన మేరకే. ఒకప్పుడు అక్కడ దట్టమైన మడ ఉండేది. కలపకీ వంటచెరకుకీ నరికేశాక నేల ఎండకు బీటలు వారింది, మధ్యలో పళ్లెంలా కుంగిపోయింది. పెద్ద పోటుకు, అంటే సముద్రం పొంగినప్పుడు, నీళ్లు అందులోకి వస్తాయి, బయటికి పోవు. నీళ్లు ఆవిరైపోయి ఉప్పు మిగిలిపోతుంది. అలా ఏళ్ల తరబడి పేరుకున్న ఉప్పు మీద ఏ మొక్క నాటినా మాడిపోతుంది. అందుకే మొక్క కంటే ముందు కాలువ కావాలి. ఏరు నుంచి ఒక పెద్ద కాలువ, దానికి రెండు పక్కలా ఏటవాలుగా పిల్ల కాలువలు, పైనుంచి చూస్తే చేప ముల్లులా ఉంటాయి. మన కృష్ణా తీరంలోనూ కోరంగి వైపూ అటవీ శాఖ, స్వచ్ఛంద సంస్థలు ఇదే పద్ధతిలో చవుడు నేలల్ని మళ్లీ మడ చేశాయి. రోజుకు రెండు సార్లు పోటు నీళ్లు లోపలికి వచ్చి, పాటుకు, అంటే సముద్రం వెనక్కి తగ్గేటప్పుడు, ఉప్పును కడుక్కుంటూ వెనక్కి పోతాయి.

కాలువ నోరు తెరిచిన రోజు నేను అక్కడే ఉన్నాను. పోటు మొదలవగానే నీళ్లు పెద్ద కాలువలో మోకాలి లోతున వచ్చి, ఒక్కో పిల్ల కాలువలోకి తిరుగుతుంటే తెల్లటి ఉప్పు పెచ్చులు కరిగి నురగలా తేలాయి. నీళ్ల వెంటే వేలెడంత బొమ్మిడాయిలు ఎదురెక్కుతూ వచ్చాయి. తవ్విన ఆడవాళ్లు పారలు పక్కన పడేసి గట్టు మీద కూర్చుండిపోయారు. అందులో ముగ్గురు ఆ వారం కూలి నుంచి అయిదు రోజుల డబ్బు తిరిగి ఇచ్చేశారు. పైన జమలో కనిపించే రూ. 2,250 అదే.

నర్సరీకి, అంటే సంచులు, వెదురు, వల కంచె, విత్తనాల సేకరణకు రూ. 9,480. ఇందులో రూ. 3,160 నష్టమే అని ఒప్పుకోవాలి. మొదటి విడత 600 మొక్కల్ని తొందరపడి ఏటి అంచున బాగా పల్లంలో నాటాం. అక్కడ పోటు నీళ్లు ఎక్కువసేపు నిలబడి మొక్కలు ఊపిరాడక చచ్చాయి, మిగిలినవి రెండు వందలకు మించవు. ఎక్కడ నాటాలో ముందు ఒక పౌర్ణమి పోటు, ఒక అమావాస్య పోటు చూసి గుర్తులు పెట్టుకుని ఉండాల్సింది. వేటకు పోయే పెద్దలు ఆ మాట చెప్పారు కూడా, మేం వినలేదు. రెండో విడత కాలువ గట్ల వాలు మీద నాటాం, అవి నిలబడ్డాయి.

ఇప్పుడు తుఫాను. మిచౌంగ్ 2023 డిసెంబరు 5న బాపట్ల దగ్గర తీరం దాటింది. మనకు 4వ తేదీ రాత్రి నుంచే గాలీ వానా. ప్రభుత్వ సరుకు అందేలోపు షెల్టర్‌లో అయిదు పూటలు వండాం. పప్పు, నూనె, కూరగాయలు, గ్యాస్‌కు రూ. 16,720. బియ్యం నాలుగు బస్తాలు ఇళ్ల నుంచే వచ్చాయి, వాటికి వెల కట్టి జమలో చూపించలేదు. టార్పాలిన్లు 14, ఒక్కోటి 850, రూ. 11,900. అందులో మూడు అతుకుల దగ్గర చిరిగే వచ్చాయి. అమ్మినవాళ్లు రెండు మార్చారు, మూడోది మార్చలేదు. జనరేటర్‌కు డీజిల్ రూ. 2,860. మందులు, ఓఆర్ఎస్ పొట్లాలకు రూ. 2,240. డీజిల్‌లో రూ. 1,140కి బిల్లు లేదు. ఆ రాత్రి బంకుకు వెళ్లే దారి లేక పడవవాళ్ల దగ్గర కొన్నాం. ఇచ్చినాయన సంతకంతో తెల్ల కాగితం ఫైలులో ఉంది.

తుఫాను వెలిశాక కోతకొచ్చిన వరి నీళ్లలో పడుకుంది. కౌలు రైతుల చేలల్లో నీళ్లు తోడే ఇంజన్ల అద్దెకు రూ. 5,600 ఇచ్చాం. ఇది నిధి ఉద్దేశంలో లేదని ఇద్దరు సభ్యులు అన్నారు, వారి అభిప్రాయం మినిట్స్ పుస్తకంలో రాశాం. నా మటుకు నాకు అది సరైన ఖర్చే. చేను సొంతం కాని మనిషికి పరిహారం చేతికి వచ్చేసరికి ఎన్ని నెలలు పడుతుందో మనందరికీ తెలుసు, నీళ్లలో ఉన్న కంకి మూడో రోజుకే మొలకెత్తుతుంది.

హ్యాండ్ మైకులు రెండు రూ. 3,300, టార్చిలైట్లు పది రూ. 3,200. చిన్న ఖర్చే, కానీ దీని గురించి ఒక మాట చెప్పాలి. 1999 అక్టోబరులో ఒడిశా సూపర్ సైక్లోన్ తర్వాత కేంద్రపడ జిల్లా ఊళ్లను పరిశోధకులు లెక్క కట్టి చూశారు. సముద్రానికీ ఊరికీ మధ్య మడ వెడల్పుగా ఉన్న ఊళ్లలో చావులు తక్కువ. అదే పరిశోధనలో ఇంకో సంగతీ తేలింది. మడ కాపాడిన ప్రాణాల కంటే ముందస్తు హెచ్చరిక కాపాడిన ప్రాణాలు ఎక్కువ. అంటే మడ ఉంది కదా అని ఇంట్లో కూర్చోకూడదు, మైకు ఉంది కదా అని మడ నరకకూడదు. బంగాళాఖాతం వేడెక్కుతోంది, వేడి నీళ్ల మీద తుఫాను చూస్తుండగానే బలపడిపోతుంది, సర్దుకోవడానికి మనకు దొరికే గంటలు తగ్గుతాయి. డిసెంబరు 4 సాయంత్రం ఆ రెండు మైకులతో మన కుర్రాళ్లు మూడు సార్లు ఊరంతా తిరిగారు. చీకటి పడేలోపు పాకల్లో ఉన్న వాళ్లందరూ షెల్టర్‌కు చేరారు. ఆ మూడు రోజుల్లో మనలో ఒక్క ప్రాణం కూడా పోలేదు.

అర్జీల ఖర్చు రూ. 2,735. బందరు కలెక్టరేట్‌కు నాలుగు సార్లు బస్సు చార్జీలు, టైపింగ్, జిరాక్స్, సమాచార హక్కు దరఖాస్తుకు రుసుము 10 రూపాయలు. విషయం మీకు తెలిసిందే. మడ చెట్ల పక్కనే రొయ్యల చెరువుకు గట్లు వేయడం మొదలైంది. 2019 తీర నియంత్రణ నోటిఫికేషన్‌లో మడ అడవులు 1-ఏ కేటగిరీ, అంటే అన్నిటికన్నా గట్టి రక్షణ ఉన్నవి. మేం ఎవరి మీదా గొడవకు పోలేదు, ఆ భూమి రికార్డులో ఏమని ఉందో కాగితం అడిగాం. మొదటిసారి వెళ్లినప్పుడు సాయంత్రం దాకా కూర్చోబెట్టి, సీటులో మనిషి లేరని పంపేశారు. మూడోసారికి కాగితం వచ్చింది. గట్టు పని ప్రస్తుతం ఆగి ఉంది, ఉత్తర్వు మాత్రం ఇంకా చేతికి రాలేదు.

ఊరి సభకు టెంటు, కుర్చీలు, టీ రూ. 4,200. ఇది ఎక్కువే. వచ్చే సభ బడి ఆవరణలో చెట్టు కింద పెట్టుకుందామని అనుకున్నాం.

మొత్తం ఖర్చు రూ. 93,285. జమ రూ. 1,21,017 లోంచి తీసేస్తే నిల్వ రూ. 27,732. ఇందులో బ్యాంకులో రూ. 26,000, నా దగ్గర నగదు రూ. 1,732. ఆ నగదును పదిమంది ముందు ఎప్పుడంటే అప్పుడు లెక్కపెట్టి చూపిస్తాను.

ఇప్పుడు మళ్లీ ఆ ప్రశ్న దగ్గరికి వస్తాను. కాలువలకు, నర్సరీకి పోయింది రూ. 40,530. తుఫాను రోజులకు, ఆ తర్వాత ఇంజన్లకు పోయింది రూ. 39,320. దాదాపు సగం సగం. షెల్టర్‌లో వండిన అన్నం ఆ మూడు రోజులకే. అది పెట్టి తీరాలి, పెట్టాం. కాలువ నీళ్లు ఈ రోజూ వచ్చి పోతున్నాయి. ఎవరికైనా నమ్మకం కుదరకపోతే పోటు వేళకు నాతో రండి, తీసుకెళ్లి చూపిస్తాను. చెప్పులు పనికిరావు, మోకాళ్ల దాకా బురద.

నిల్వలోంచి పిల్ల కాలువల పూడిక తీతకు పది వేలు, తర్వాతి విడత నర్సరీకి ఆరు వేలు పక్కన పెట్టాలని కమిటీ అనుకుంటోంది. మిగతాది వచ్చే తుఫాను సీజన్ దాకా ముట్టుకోకూడదని నా అభిప్రాయం. దీని మీద నిర్ణయం సభలో మీరు చేయాలి.

బిల్లులు, రసీదు పుస్తకాలు, కూలి మస్టరు అన్నీ గ్రంథాలయంలో నెల రోజులు ఉంటాయి. చందా ఇచ్చి రసీదు అందనివాళ్లు, రసీదు ఉండి పేరు జాబితాలో లేనివాళ్లు ఈ నెలాఖరులోపు చెప్పండి. ఇప్పటికి అలాంటివి రెండు వచ్చాయి. ఒకటి సరిచేశాం, రెండోది 43వ నంబరు రసీదు, కౌంటర్‌ఫాయిల్ తడిసి అక్షరాలు చెరిగిపోయాయి. అది ఎవరిదో వాళ్లు దయచేసి అసలు రసీదు తెచ్చి చూపించండి.