సిరొంచ తాలూకా రైతు గ్రూప్ సభ్యులకు
అందరికీ నమస్కారం. నాగపూర్ అసెంబ్లీ శీతాకాల సమావేశాల్లో మేడిగడ్డ బ్యారేజీ ముంపు సంగతి లేవనెత్తమని మన అహేరి ఎమ్మెల్యేగారికి అర్జీ ఇద్దాం. తారాంకిత ప్రశ్న వేయమనే అడగాలి. దానికైతే మంత్రిగారు సభలో లేచి జవాబు చెప్పాలి, అనుబంధ ప్రశ్నలూ వేయొచ్చు. అతారాంకితమైతే ఒక కాగితం చేతిలో పెడతారు, అంతే.

2019లో బ్యారేజీ ప్రారంభానికి మహారాష్ట్ర ముఖ్యమంత్రిగా ఫడ్నవీస్‌గారు స్వయంగా వచ్చారు. 2025లో మన గడ్చిరోలి జిల్లా పాలక్ మంత్రి (ఇన్‌చార్జి మంత్రి) బాధ్యతా ఆయనే తీసుకున్నారు. కాబట్టి సంగతి తెలియదనడానికి లేదు.

ఊరికే "పొలాలు మునిగాయి" అంటే "పరిశీలిస్తాం" అంటారు. ఏ ఊరు, ఏ గట్ నంబరు (సర్వే నంబరు), ఎన్ని ఎకరాల మిర్చి, పత్తి పోయిందో సాత్‌బారా (7/12 భూమి పత్రం) ఫోటోతో ఆదివారంలోగా పంపండి. తలాఠీ (గ్రామ రెవెన్యూ అధికారి) సంతకం స్పష్టంగా కనపడాలి. గుడ్ మార్నింగ్ ఫార్వర్డులు అప్పటిదాకా ఆపండి బాబూ!