ఆదివారాలు ఆ వర్క్‌షాపుల తాళాలు తియ్యండి

సంపాదకులు గారికి నమస్తే,

పోయిన వారం మీ పేపర్ల పిల్లలు సెలవుల్ల ఏం నేర్చుకోవాలె అని రాసిండ్రు, దాంట్ల కంప్యూటర్ కోర్సులు, స్పోకెన్ ఇంగ్లిష్, ఈత అన్నీ ఉన్నయి గాని చేతులతోని ఒక వస్తువు చేసుడు అన్నది మాత్రం ఒక్కటి కూడ లేదు, అందుకే ఈ ఉత్తరం. నేను హన్మకొండల టీవీలు, హోం థియేటర్లు రిపేర్ చేస్త. మా బాపు వడ్రంగి పని చేసిండు, ఇప్పుడు 70 దాటినయి. మా చిన్నోడు ఇంటర్ల చేరినంక ఎలక్ట్రిక్ గిటార్ కావాలన్నడు, కొనుడెందుకు మనమే చేద్దాం అని ముగ్గురం కూసున్నం, ఎనిమిది నెలలు పట్టింది.

నాకు ధైర్యం ఎక్కడిదంటే అమెరికాల గిటార్లు చేసిన లియో ఫెండర్ కూడ రేడియో రిపేర్ షాపాయననే, గిటార్ వాయించుడు ఆయనకు రాదు, అయినా 1954ల స్ట్రాటోకాస్టర్ అనే ఎలక్ట్రిక్ గిటార్ తెచ్చిండు, ఇయ్యాల్టికి చానమంది దాన్నే చూసి చేస్తున్నరు. ఇంగ్లండుల క్వీన్ అనే రాక్ బ్యాండుల గిటార్ వాయించే బ్రయాన్ మే అయితే 1963ల పదహారేండ్ల పిల్లగాడు, వాళ్ళ నాయనతోని కలిసి ఇంట్లనే గిటార్ చేసుడు మొదలుపెట్టిండు, గిటార్ మెడకు, అంటే తీగలు సాగే పొడుగు కాడకు, పాత పొయ్యిగూటి కట్టె వాడిండు, 2002ల బకింగ్‌హామ్ ప్యాలెస్ మిద్దె మీద వాయించింది కూడ ఆ గిటారే.

మాకు మొదటి దెబ్బ కట్టెతోనే తగిలింది. వానకాలంల సామిల్లుకు పోయి టేకు చెక్క తెచ్చిన, బాపు చేతిల పట్టుకొని చూసి ఇది పచ్చి కట్టెరా అన్నడు, నేనే ఇనలే. ఆరు తీగలు బిగిస్తే మెడ మీద సుమారు 45 కిలోల లాగుడు ఉంటది, నెలలోపట్నే మెడ విల్లు లెక్క వంగింది. అప్పుడు పరకాల దిక్కు మా మేనత్తోళ్ళ గూన ఇల్లు ఇప్పుతున్నరని తెలిసి పాత దర్వాజ కట్టె తెచ్చినం, యాభై ఏండ్లు ఎండి ఎండి ఉన్న టేకు, బాపు రంద పడుతుంటే చెక్క పొట్టు పొడుగ్గా చుట్టలు చుట్టలు ఊడింది, ఇల్లంత పాత టేకు వాసన. టేకుల నూనె ఉంటది కాబట్టి బంక సరిగ పట్టది, అతికిచ్చే ముందు థిన్నర్‌తోని తుడవాలె, ఇది బాపుకు ఎవ్వలు చెప్పకుంటనే తెలుసు. పైన వేళ్ళు ఆనే ఫ్రెట్ల పట్టీకి జిట్రేగి పెట్టినం, ప్రపంచంల చాన గిటార్ల కంపెనీలోళ్ళు రోజ్‌వుడ్ అని కొనుక్కపోయేది గీ చెట్టునే, మన అడవిల పెరిగే చెట్టు.

ఫ్రెట్లు అంటే వీణకున్న మెట్ల లెక్క అన్నట్టు. మా తీగ పొడుగు 648 మిల్లీమీటర్లు, దాన్ని 17.817తోని భాగిస్తే 36.37 వస్తది, అది మొదటి మెట్టు, మిగిలిన పొడుగును మళ్ళ 17.817తోని భాగిస్తే రెండో మెట్టు, ఇట్ల పోతే 12వ మెట్టు సరిగ్గ సగంల, 324 కాడ పడాలె. నేను చేసిన తప్పేందంటే ఒక మెట్టు కాడికెల్లి ఇంకో మెట్టుకు స్కేలు పెట్టుకుంట పోయిన, ఒక్కోదాంట్ల వెంట్రుకంత తేడా వచ్చి 12 కాడికి చేరేసరికి మూడు మిల్లీమీటర్లు జరిగింది, ఎంత ట్యూన్ చేసినా పై శ్రుతులు కలువలే. ఆ పట్టీ పీకేసి కొత్తది చేసినం, ఈసారి అన్ని కొలతలు పైన తీగ ఆనే కాడికెల్లే తీసుకున్న.

పికప్, అంటే తీగల ఊపును కరెంటుగ మార్చే ముక్క, దాని ముచ్చట ఇంకోటి. సైకిల్ డైనమోల ఉన్న సూత్రమే, అయస్కాంతం చుట్టు తీగ చుడితే పైన ఇనుప తీగ ఊగినప్పుడు దాంట్ల కరెంటు పుడతది. 42 గేజీ (వైరు మందం నంబర్) వైరు 8 వేల చుట్లు అని సదివి మోటర్ వైండింగ్ చేసే అన్న కాడికి పోయిన. 42 నంబర్ తెచ్చి చుట్టిస్తే మూడు వేల చుట్లకే బాబిన్, అంటే వైరు చుట్టే కండె, నిండింది, సౌండు సన్నగ వచ్చింది. తర్వాత తెలిసింది, గిటార్లోళ్ళు చెప్పే 42 అమెరికా లెక్క, 0.063 మిల్లీమీటర్లు, మన షాపుల నడిచేది ఎస్‌డబ్ల్యుజి అనే బ్రిటిష్ లెక్క, దాంట్ల ఇది 46 నంబర్ కిందికొస్తది. అంత సన్నటి వైరు ఆ అన్న ఎన్నడు చుట్టలేదు, అయినా ఫ్యాన్ కాయిల్స్ చుట్టే చేతి మిషన్ మీదనే రెండుసార్లు తెగినంక మూడోసారి 8 వేలు పూర్తి చేసిండు, మల్టీమీటర్ పెడితే 5.8 కిలో ఓమ్స్ చూపెట్టింది, అంటే వైరు ఎక్కడ తెగలే అన్నట్టు, మా ఇద్దరి సంబురం చెప్పరాదు. బోర్ మోటర్లు చుట్టీ చుట్టీ తేలిన చేతులు అయి, అసోంటి చేతులు ప్రతి మండలంల ఉన్నయి.

ఇగ అసలు నేను చెప్పాలనుకున్నది. తీగలు బిగించే ట్యూనింగ్ కీలకు ఆరు రంధ్రాలు 10 మిల్లీమీటర్లయి నిలువుగ పడాలె, చేతి డ్రిల్లుతోని అది కాదు, స్టాండు డ్రిల్లు మిషన్ కావాలె. ఒక కాలేజీ వర్క్‌షాపుకు పోయి పైసలు కడుత, అర్ధగంట పని అని అడిగిన, బయటోళ్ళకు ఇయ్యం అన్నరు, అప్పుడు లోపల మూడు మిషన్లు కవర్లు కప్పి ఉన్నయి. ఆఖరికి చేతితోనే వేస్తే ఒక రంధ్రం పక్కకు పోయింది, ఇప్పటికి ఆ కీ కొంచెం వంకరగనే ఉంటది.

జిల్లాల ఉన్న ఐటిఐలు, పాలిటెక్నిక్‌ల వర్క్‌షాపులు ఆదివారం నాలుగు గంటలు తెరిచి, ఒక ఇన్‌స్ట్రక్టర్‌ను పెట్టి, గంటకు ఇంత అని ఫీజు తీసుకొని ఎవ్వలొచ్చినా పని చేసుకోనియ్యాలె అని అధికారులను కోరుతున్న. మీ పేపర్ తరఫున కూడ అడగండి సార్. మా చిన్నోని గిటార్ చూసి మా గల్లీల ఇంకో ఇద్దరు పిల్లలు మొదలుపెట్టిండ్రు, కట్టె బాపు చూసి ఇచ్చిండు, వైరు నేను తెప్పిచ్చిన, మెడలు తయారై మా షాపుల గోడకు ఆనిచ్చి ఉన్నయి, రంధ్రాలు ఎక్కడ వేపియ్యాల్నో మాత్రం ఇంకా తెలుస్తలేదు.

- ఒక టీవీ మెకానిక్, హన్మకొండ