మెంటార్ అన్న పేరొక్కటే చాలదు

సంపాదకులకు,

పీహెచ్‌డీ అయ్యాక పరిశోధన చేసేవాళ్లకిచ్చే జాతీయ పోస్ట్ డాక్టరల్ ఫెలోషిప్ గడువు రెండేళ్లే. దరఖాస్తులో పర్యవేక్షకుణ్ని ‘మెంటార్’ (మార్గదర్శి) అనే రాస్తాం. మొదటి ఏడాదంతా మా సారుతో మాట్లాడింది ప్రయోగ ఫలితాల గురించే. నా ఉద్యోగం మాట, సొంత ల్యాబ్ మాట ఒక్కసారీ రాలేదు. చివరికి నా లక్ష్యాలు కాగితం మీద పెట్టి, నెలకో గంట అడిగాను. వెంటనే ఒప్పుకున్నారు, అంతవరకు ఆయనకూ తట్టలేదట. పేపర్లో మొదటి పేరెవరిదో, వెళ్లేటప్పుడు ఏ పని నా వెంట తీసుకెళ్లొచ్చో అప్పుడే తేలింది. గణాంకాలు మాత్రం వేరే విభాగం మేడమ్ దగ్గర నేర్చుకున్నాను.

అమెరికాలో పరిశోధనకు నిధులిచ్చే ప్రభుత్వ సంస్థ ఎన్‌ఎస్‌ఎఫ్ 2009 నుంచే, పోస్ట్‌డాక్‌ల (పీహెచ్‌డీ తర్వాతి పరిశోధకుల) కోసం నిధులడిగే ప్రతిపాదనకు మెంటరింగ్ ప్రణాళిక, అంటే వాళ్లకెలా మార్గదర్శనం చేస్తారో చెప్పే కాగితం, జతచేయమంటోంది. ఈ ఫెలోషిప్ ఇచ్చే మన ఏఎన్‌ఆర్‌ఎఫ్ కూడా ఒక్క పేజీ ప్రణాళిక అడిగి, ఏడాది చివర ఇద్దరి చేతా సమీక్షింపజేయాలి.

— ఒక పరిశోధకురాలు, హైదరాబాద్